ఒక్కతే బిడ్డ

శుక్రవారం పొద్దున బడి వంటగదిలో సరోజ బియ్యం కడుగుతుంటే మానస ఫోన్ చేసింది. రెండు చేతులూ మోచేతుల దాకా తడిగా ఉండడంతో తోటి వంటమనిషి రంగమ్మ ఫోన్ తీసి సరోజ చెవికి ఆనించి పట్టుకుంది.

"అమ్మా, షెడ్లు కూలగొట్టిండ్రే. జేసీబీ పెట్టి మొత్తం సాపు జేసిండ్రు. బియ్యం డబ్బ కూడ తీసుకోనియ్యలే."

"చిన్నదేడుందే?"

"సంకలనే ఉంది. ముప్పై ఇండ్లోళ్లం రోడ్డు మీద కూసున్నం. మామకు ఫోన్ జేస్తే లేపుతలేడు. నువ్వు జెయ్యే జర."

పుణె దిక్కు ఒక నగరం శివారులోని రేకుల షెడ్లు సరోజకు కొత్త కాదు. పెళ్లయిన కొత్తలో ఇస్రాయేలూ తనూ మూడేళ్లు అక్కడే ఉండి ఇటుకలు మోశారు. ఆ జాగాలో మొదటి రేకు నిలబెట్టింది సరోజ అన్న కురుమయ్య. అప్పుడతను లింగాల, బల్మూరు, అచ్చంపేట పల్లెల నుంచి కూలీలను లారీల్లో దింపి పనులకు పంపే మేస్త్రీ. ఆ కూలీల భుజాల మీది నుంచే కార్పొరేటరయ్యాడు, తర్వాత ఎమ్మెల్యే అయ్యాడు. అక్కడ ఇప్పుడతన్ని ఎవరూ కురుమయ్య అనరు. కుమార్ భావూ అంటారు, అంటే కుమార్ అన్న. పోయిన ఎన్నికల్లో అతను ఊరూరా తిరిగి చెప్పిన మాట కూడా ఒక్కటే. పరాయి రాష్ట్రాల నుంచి వచ్చి మన నగరాన్ని మురికి చేస్తున్నవాళ్లను వచ్చిన దారినే పంపిస్తా, మన ఆచారం, మన గడ్డ మనకే ఉండాలె అని. ఆ ఉపన్యాసాన్ని మానస ఒకసారి ఫోన్‌లో పంపింది. సరోజకు అక్కడి భాష వచ్చు. విని, ఇది ఓట్ల కోసం చెప్పే మాట, మా అన్న మనసులో మాట కాదు అనుకుంది.

ఆమె అన్నకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. అటు నుంచి ఎవరూ ఎత్తలేదు.

బియ్యం ఉడుకు పట్టే వేళకు బడి గేటు ముందు తెల్ల కారు ఆగింది. దిగినవాడు శ్రవణ్ కుమార్. వనపర్తివాడు, తెలుగువాళ్ల దగ్గర ఎమ్మెల్యే పనులు చక్కబెట్టే మనిషి.

"సరోజమ్మా, సాహెబ్ సోమశిలకొచ్చిండు. నిన్ను తోల్కరమ్మన్నడు."

బిడ్డ రోడ్డున పడ్డ రోజే అన్న కబురు పెట్టాడంటే దేవుడు విన్నట్టే. గంటసేపు ఆగమని శ్రవణ్‌ను బతిమాలి ఇంటికి ఉరికింది. గంప కింద మూసిన కోడిని పట్టి కోయించింది. ఉల్లిగడ్డ, కొబ్బరి, గసగసాలు రోట్లో నూరి కూర పొయ్యి మీద పెట్టింది. పక్క పొయ్యి మీద పెనం కాగుతుంటే జొన్నపిండిని వేణ్నీళ్లతో పిసికి, అరచేత్తో చరిచి చరిచి పల్చగా ఆరు రొట్టెలు చేసింది. చిన్నప్పుడు కూలి పని దగ్గర అన్న మూడు రొట్టెల్లో రెండు ఆమెకే పెట్టేవాడు. ఎండకు ఆమె మాడు పగులుతుందని గోనెపట్ట తడిపి నెత్తిన కప్పేవాడు. అట్లాంటి మనిషికి ఆరు రొట్టెలు ఎక్కువా?

కొల్లాపూర్ దాటి కారు కృష్ణ ఒడ్డుకు చేరేసరికి మూడు దాటింది. నీళ్లు నిండుగా ఉన్నాయి. పడవలెక్కే జనం, గుడి మెట్ల మీద తడిబట్టల జనం. కురుమయ్య నది కనిపించేలా ఉన్న ఒక వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మెడలో రుద్రాక్షలు, నుదుట మూడు పట్టెల విభూతి, భుజాన కాషాయం రంగు శాలువా. ముఖం నున్నగా, బుగ్గలు నిండుగా ఉన్నాయి. ఎనిమిదేళ్లయింది చూసి. అమ్మ పోతే మట్టికి కూడా రాలేదు; ఆ రోజు అక్కడ నామినేషన్ వేయాల్సి ఉందన్నాడు.

"అన్నా!" అంటూ సరోజ దగ్గరికి పోయి, రెండు చేతులూ అతని చెంపలకు తాకించి తన కణతల మీద మెటికలు విరుచుకోబోయింది.

అతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "ముట్టకే. మడి మీదున్న. అభిషేకముంది."

ఆమె చేతులు గాలిలో ఉండిపోయాయి. వాటిని ఏం చేయాలో తెలియక కొంగుకు తుడుచుకుంది.

"కూసో," అన్నాడు. పక్కన ఖాళీ కుర్చీ ఉంది. కానీ అతని చేయి మెట్ల వైపు చూపించింది. సరోజ మెట్టు మీద కూర్చుంది.

"సోమవారం మీ ఊరికి ఒక ఆఫీసరమ్మ వస్తది," అన్నాడు. మన ఊరు అనలేదు. "నా మీద కేసైంది. నాది ఎస్సీ రిజర్వుడు సీటు. డెబ్బై ఐదేండ్ల కింద నుంచి ఆ గడ్డ మీదున్నోళ్లకే అక్కడ ఆ సర్టిఫికెట్ ఇస్తరు. మా తాత అక్కడ మిలటరీ క్యాంపుల పని జేసిండని రాయించిన. ఓడిపోయినోడు పోయి అది దొంగ సర్టిఫికెట్ అని ఫిర్యాదు జేసిండు."

"ఏ తాతనే? మన తాత లింగాల సంత దాటి పోయినోడే కాదు గదా?"

"అందుకే జెప్తున్న. ఆమె ఫోటో సూపెట్టి అడుగుతది. నీకు నేనెవరో తెల్వదు. మీ ఊర్ల కురుమయ్య అనేటోడు పుట్టలేదు, పెరగలేదు. అమ్మకు నువ్వు ఒక్కతే బిడ్డవు. గంతే."

సరోజ నది వైపు చూసింది. ఒక పడవవాడు అమరగిరి, అమరగిరి అని అరుస్తున్నాడు.

"అమ్మ కడుపుల నుంచి నిన్ను తీసెయ్యమంటున్నవా అన్నా?"

"కాయిదంల నుంచి తీసెయ్యమంటున్ననే. కడుపులున్నది ఎవడు తీస్తడు? నేను కూలిపోతే నీకు మంచిగుంటదా?"

ఆ మాటకు ఆమె కరిగిపోయింది. నిజమే కదా, కాగితమే కదా అనుకుంది. అప్పుడు మానస సంగతి చెప్పింది. షెడ్లు, జేసీబీ, నాలుగు నెలల పసిది రోడ్డు మీద ఉండడం.

కురుమయ్య కుర్చీలో ముందుకు వంగాడు. "షెడ్లల్ల ఉందా మానస? నా మేనకోడలినని అక్కడ ఎవరికన్న చెప్పిందా?"

చిన్నది ఎట్లుందని అడుగుతాడనుకుంది సరోజ. "తెల్వదన్నా. చెప్పుకుంటే చెప్పుకున్నదేమో. మేనమామవు గదా."

అతను శ్రవణ్ వైపు చూశాడు. శ్రవణ్ ఫోన్ తీశాడు. "షెడ్ ఏ దిక్కుంది? మొగడి పేరేంది?" సరోజ అన్నీ చెప్పింది. మూడో లైను, నీళ్ల ట్యాంకు పక్కన, అల్లుని పేరు ప్రశాంత్. అక్షరం తప్పకుండా చెప్పింది.

"పరేషాన్ గాకు. మంచి జాగల పెట్టిస్త. నా మాట," అన్నాడు కురుమయ్య.

"నువ్వు చెప్పినట్లే అంట అన్నా. నువ్వు సల్లగుండు." డబ్బా ముందుకు జరిపింది. "నాటుకోడి కూర. జొన్నరొట్టె. వేడి మీదనే ఉంది."

అతను ముక్కు దగ్గర శాలువా పెట్టుకున్నాడు. "గవి నేను ముట్టుతలేను. శ్రవణ్, బయట పెట్టియ్యి. పూజారి వస్తుండు."

కారెక్కబోతుంటే సరోజకు తన డబ్బా కనిపించింది. కాంపౌండు గోడ వెనక నేల మీద ఉంది. రెండు కుక్కలు అందులో మూతులు పెట్టి కొట్లాడుకుంటున్నాయి. రొట్టెలు మట్టిలో పడి ఉన్నాయి.

"వాసనొస్తది, పారెయ్యమన్నడమ్మా," అన్నాడు డ్రైవర్, ఆమె ముఖం చూడలేక. "నేనన్న తినేటోన్ని, అడిగితే వద్దన్నడు."

సరోజ కుక్కలను అదిలించి డబ్బా తీసుకుంది. ఒడ్డుకు దిగి ఇసుకతో రుద్ది రుద్ది కడిగింది. దేవుని పని మీద వచ్చినోడు, పెద్దోడైండు, ఆయన తిప్పలు ఆయనవి అని దారంతా తనకు తానే చెప్పుకుంది.

శనివారం అన్నం, సాంబారు. గ్యాస్ బండ అయిపోయి వారమైంది, కట్టెల పొయ్యే గతి. కందిపప్పు సగం ఉడికిన వేళ హెడ్మాస్టరు సారు వంటగదిలోకి వచ్చాడు. ఎన్నడూ ఆ గడప తొక్కనివాడు. చంకలో పాత గుడ్డ కట్టిన మూట, వెనక శ్రవణ్ కుమార్.

"సరోజమ్మా, చెదలు పట్టిన బుక్కులు. పొయ్యిల వెయ్యి."

మూట విప్పితే బడి అడ్మిషన్ రిజిస్టర్లు, మూడు లావువి. ఎర్ర బైండు. ఎక్కడా చెద లేదు. సరోజ ఒకటి తెరిచింది. కూడబలుక్కుని చదవడం ఆమెకు వచ్చు. నలభై ఏళ్ల కిందటి సిరా గోధుమ రంగుకు తిరిగింది కానీ అక్షరాలు గుండ్రంగా, చక్కగా ఉన్నాయి. ఎవరో ఓపికగల పంతులు రాసినవి. కురుమయ్య, తండ్రి బాలయ్య, కూలి. నాలుగు పేజీలు తిప్పితే ఇస్రాయేలు. ఇంకా తిప్పితే సరోజ, తండ్రి బాలయ్య, కూలి. తన పేరు ఒకరు అంత అందంగా రాసి ఉంచారని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు.

"గీండ్ల నా పేరుంది సారూ. మా ఆయన పేరుంది. ఊరు ఊరంత ఉంది."

హెడ్మాస్టరు కిటికీ వైపు తిరిగాడు. శ్రవణే జవాబు చెప్పాడు. "ఒక్క పేజీ చింపితే దొరికిపోతమమ్మా. మొత్తం పోతే చెదలు తిన్నయంటం."

"ఒక్కని కోసం గింతమందినా?"

"సాహెబ్ చెప్పిండు. మీ అన్ననే గదా." అని, గొంతు తగ్గించి, "అన్న అని ఇయ్యాల్టితోని మర్చిపో," అన్నాడు.

ఆమె వేసింది. తన చేతులతోనే వేసింది. లావు కాగితం ఒకంతట అంటుకోలేదు. అంచులు నల్లబడి లోపలికి ముడుచుకున్నాయి, మధ్యలో పేర్లు అట్లాగే ఉన్నాయి. కట్టెపుల్లతో పేజీలు ఎగదోసింది. ఒక్కో పేజీ లేచి, ఒక్కసారి తెల్లగా వెలిగి, పేర్లన్నీ కనబడి, బూడిదయింది. బైండు గుడ్డ జిగురు కాలి వంటగది అంతా చచ్చిన పశువును కాల్చిన కంపు పట్టింది. నల్లటి పొరలు లేచి సాంబారులో పడ్డాయి. గరిటెతో తీసింది, తీయగా మిగిలినవి కలిసిపోయాయి.

"ఏం బుక్కులక్కా అవి?" అంది బయటి నుంచి వచ్చిన రంగమ్మ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"మన పేర్లే."

పిల్లలు వరసకట్టి పళ్లేలు పట్టారు. ఒక పిల్ల సాంబారులో వేలు ముంచి నాకి, "పొగ వాసనొస్తుందమ్మా," అంది. సరోజ తర్వాతి పళ్లెంలో అన్నం పెట్టింది. ఆ రోజు ఆమె అన్నం తినలేకపోయింది. ఇంటికి పోయి చింతపండు పిప్పితో చేతులు తోముకుంది. వాసన పోలేదు.

ఆ సాయంత్రం శ్రవణ్ ఇల్లిల్లూ తిరిగాడు. కాలనీకి బోరు వేయిస్తామన్నాడు, చర్చికి రంగు వేయిస్తామన్నాడు, గుడికి గ్రిల్లు పెట్టిస్తామన్నాడు. కోరిందల్లా ఒక్కటే మాట. తెల్వదు. తెల్వదనడానికి ఎవరికి కష్టం? జనం తలలూపారు. అందరికంటే పెద్దది, ఎనభై దాటిన రుక్కమ్మ ఒక్కతే, "వాడు పుట్టలేదని నన్ను అనమంటవా బిడ్డా?" అని అడిగింది. కొడుకు కసిరితే ఊరుకుంది.

ఇస్రాయేలు మామిడి తోటకు కావలి పోతూ పెళ్లానికి చెప్పి పోయాడు. "ఊకోవే. పెద్దోళ్ల పనులు గట్లనే ఉంటయి. పిల్లకు జాగ దొరికితే సాలు."

ఆదివారం చర్చికి పోవడానికి చీర మడత విప్పుతుండగా కొత్త నంబరు నుంచి ఫోన్. మానస గొంతు.

"అమ్మా, కొత్తకోటల ఉన్నం. దాబా కాడ. రా."

కొత్తకోట ఎందుకు వచ్చారో సరోజకు అర్థం కాలేదు. ఆటోలో లింగాల, అక్కడి నుంచి బస్సులో నాగర్‌కర్నూల్, ఇంకో బస్సులో వనపర్తి, ఇంకోటి కొత్తకోట. చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. హైవే పక్కన పంక్చర్ దుకాణం నీడలో ముప్పై నలభై మంది మూటల మీద కూర్చున్నారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. కొందరి ముఖాలు ఆమెకు తెలిసినవే. వాళ్ల వెనక ఉల్లిగడ్డల లారీ పట్టా కట్టుకుని హైదరాబాద్ దిక్కు కదులుతోంది. మానస జుట్టు నిండా ఉల్లిపొట్టు. ఒళ్లో చిన్నది కళ్లు మూసుకుని ఉంది. సరోజ చేయి వేసి చూస్తే ఒళ్లు కాలుతోంది. ప్రశాంత్ పక్కనే నిలబడి ఉన్నాడు, పెదవి పగిలి రక్తం గడ్డకట్టింది.

"ఏందే ఇది? మామ జాగ ఇస్త అన్నడు గదా?"

"గిదేనమ్మా మామ ఇచ్చిన జాగ." మానస నవ్వబోయింది, నవ్వు రాలేదు. "శుక్రవారం పొద్దుగూకంగ మనుషులొచ్చిండ్రు. లింగాల మానస ఎవరు, ప్రశాంత్ పెండ్లాం ఎవరు, నీళ్ల ట్యాంకు పక్కన మూడో లైనోళ్లు ఎవరు అని పేరు పెట్టి పిలిచిండ్రు. మామ పంపిండు అనుకున్న. సంబురపడి చెయ్యి లేపిన. ముందు ఈమెను ఎక్కియ్యుండ్రి అన్నరు. తర్వాత మా లైనోళ్లను అందరిని ఎక్కిచ్చిండ్రు. ఫోన్లు గుంజుకున్నరు. ఈయన అడ్డం పోతే గిట్ల కొట్టిండ్రు. సోలాపూర్ల ఉల్లిగడ్డ నింపేదాక దినమంత ఎండల నిలవెట్టిండ్రు. రాయచూరు, గద్వాల మీదికెల్లి గీడ తెచ్చి దింపిపోయిండ్రు."

"నువ్వు మామ పేరు చెప్పలేదా?"

"చెప్పిన. ఆయన మా మేనమామ, ఫోన్ చెయ్యుండ్రి అన్న. ఆడు నవ్విండు. భావూకు అక్కలు లేరు, చెల్లెండ్లు లేరు, ఆయన ఒక్కడే పుట్టిండు అన్నడు."

సరోజ లెక్క వేసుకోవాల్సిన పని లేదు. మూడు గంటలకు తను మెట్టు మీద కూర్చుని చెప్పింది. మూడో లైను, నీళ్ల ట్యాంకు పక్కన. పొద్దుగూకేసరికి అదే మాట లారీ ఎక్కించేవాని నోట్లో ఉంది. మేనకోడలు అని చెప్పుకునే నోరు ఒకటి అక్కడ ఉండొద్దు. అందుకే అడిగాడు. అడిగింది పసిదాని గురించి కాదు, ఆ నోటి గురించి.

సరోజ రెండడుగులు పక్కకు పోయి, కాలువ గట్టున కూర్చుని భళ్లున కక్కింది. పొద్దుట నుంచి తిన్నది ఏమీ లేదు, పచ్చటి చేదునీళ్లే పడ్డాయి. మళ్లీ మళ్లీ వచ్చింది. పంక్చర్ దుకాణం ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. పుక్కిలించి, ముఖం కడుక్కుని, లేచి చిన్నదాన్ని చంకన వేసుకుంది.

వనపర్తి దవాఖానలో పిల్లకు మందు పోశారు, తడిగుడ్డ వేశారు. జ్వరం దిగిందాకా అక్కడే వరండాలో కూర్చున్నారు. అప్పుడే శ్రవణ్ ఫోన్ చేశాడు.

"రేపు పదకొండు గంటలకు, సరోజమ్మా. మాట యాదికుంది గదా?"

"ఉంది," అంది ఆమె.

సోమవారం బడి వరండాలో రెండు బల్లలు కలిపి వేశారు. పుణె దిక్కు నుంచి వచ్చిన నడి వయసు ఆఫీసరమ్మ, నూలు చీర, చేతిలో నిండుగా కాగితాలు. పక్కన తెలుగు మాటలను ఆమె భాషలో తిప్పి చెప్పడానికి మండలాఫీసు నుంచి వచ్చిన శ్రీవాణి అనే అమ్మాయి. శ్రవణ్ కుమార్ స్తంభానికి ఆనుకుని, ఊరి పెద్దమనుషుల్లో ఒకడిలా నిలబడ్డాడు.

హెడ్మాస్టరును రిజిస్టర్లు అడిగారు. చెదలు తిన్నాయన్నాడు. ఆఫీసరమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. ఆ మాటను ఆమె చాలా ఊళ్లలో విని ఉంటుంది. రాసుకుంది. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి ఫోటో చూపించింది. తెల్వదు. తెల్వదమ్మా. ఎన్నడు సూడలే. ఇస్రాయేలు నేల చూపులు చూస్తూ తెల్వదన్నాడు. రుక్కమ్మను ఇద్దరు పట్టుకుని తెచ్చారు. ఫోటోను కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది. కొడుకు దగ్గాడు. "నాకు సూపానదు బిడ్డా. తెల్వదు," అని గోడ వారగా పోయి కూలబడింది.

చివరికి సరోజను పిలిచారు. అన్నం కుండ దించి, చేతులు తుడుచుకుని వచ్చింది. మానస చిన్నదాన్నెత్తుకుని, తనతో పాటు లారీలోంచి దింపిన ఆడవాళ్లతో గేటు దగ్గర నిలబడి ఉంది.

ఫోటోలో రుద్రాక్షలు, విభూతి, నున్నటి ముఖం. సరోజ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. బల్ల మీద ఉన్నదాన్నే చూసింది.

"ఈయన తెలుసా?" శ్రీవాణి అడిగింది.

"తెల్వదు. ఈయనను నేను ఎరగను."

స్తంభం దగ్గర శ్రవణ్ ఊపిరి వదిలి జేబులోంచి ఫోన్ తీశాడు. ఆఫీసరమ్మ రాసుకుంది. కాగితం మీద అచ్చువేసిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. వాటిని అలవాటుగా అడుగుతూ పోయింది. తండ్రి పేరు. బాలయ్య. తల్లి పేరు. తిరుపతమ్మ.

"మీ అమ్మకు ఎంతమంది పిల్లలు?"

"ఇద్దరు."

శ్రీవాణి తల తిప్పి చూసింది, తను సరిగా విన్నానా అన్నట్టు.

"రెండో బిడ్డ ఎవరు?"

"మా అన్న. నాకన్న పెద్దోడు. సచ్చిపోయిండు."

"ఎప్పుడు?"

"మొన్న శుక్రవారం. మూడు గంటలప్పుడు. సోమశిలల, కృష్ణ ఒడ్డుకు."

ఆఫీసరమ్మ కలం ఆపింది. తన భాష సరోజకు వచ్చని ఆమెకు తెలియదు. శ్రీవాణి తిప్పి చెప్పేలోపే సరోజ అదే భాషలో, ఒక్కో మాటా నిదానంగా, మళ్లీ చెప్పింది. పేరు కురుమయ్య. పుట్టింది ఈ ఊర్లోనే. ఈ బడిలోనే నాలుగో తరగతి దాకా చదివాడు. పద్నాలుగేళ్లప్పుడు మేస్త్రీ లారీ ఎక్కి మీ దేశం వచ్చాడు. మా తాత లింగాల సంత దాటి ఎక్కడికీ పోలేదు.

"రాసుకో అమ్మా," అంది.

ఇస్రాయేలు తలెత్తి పెళ్లాన్ని చూశాడు. అప్పుడు గోడ వార నుంచి సన్నటి గొంతు లేచింది.

"అయ్యో కురుమయ్యా... నా చేతులల్ల పుడితివి గదా కొడుకా... నీ బొడ్డు కోసింది నేనే గదా కొడుకా..."

రుక్కమ్మ. కాళ్లు బార చాపుకుని, రెండు చేతులతో నేల చరుస్తూ రాగం తీసింది. కొడుకు ఉరికి పోయి నోరు మూయబోతే చేయి విదిలించుకుంది. "తిరుపతమ్మకు పాలు రాకుంటే నా పాలు ఇస్తిని గదా కొడుకా... ఎట్ల మరిస్తివి కొడుకా..." పోయినవాళ్లకు ఏడ్చే ఏడుపుకు ఆ ఊళ్లో అడ్డం ఉండదు. ఒక్క క్షణం చూసి రంగమ్మ పోయి ఆమె పక్కన కూర్చుంది. ఇంకో ఇద్దరు. ఇంకో నలుగురు. ఉల్లిగడ్డల లారీలో వచ్చిన ఆడవాళ్లు గేటు దాటి లోపలికి వచ్చారు. "మమ్ముల లారీ ఎక్కిచ్చి తీస్కపోతివి కురుమయ్యా... షెడ్లు ఏసి సూపితివి కురుమయ్యా..." తెల్వదన్న నోళ్లన్నీ ఒకదాని వెంట ఒకటి అతని పుట్టుకను, అతని ఇంటిని, అతని తల్లినీ తండ్రినీ ఎత్తి ఎత్తి ఏడ్చాయి. ఆఫీసరమ్మ శ్రీవాణి వైపు వంగింది. శ్రీవాణి గొంతు తగ్గించి ఒక్కో చరణం చెబుతుంటే కలం పరుగు తీసింది.

"ఏయ్, ఆపుండ్రి!" శ్రవణ్ స్తంభం వదిలి నడిమికి వచ్చాడు. ముఖం చెమటతో తడిసింది. "ఎవడు సచ్చిండని ఏడుస్తుండ్రు? సాహెబ్ బతికే ఉన్నడు! పొద్దుగాలనే నాతోని మాట్లాడిండు!"

శ్రీవాణి అదీ తిప్పి చెప్పింది.

ఆఫీసరమ్మ కళ్లద్దాలు తీసి అతన్ని మొదటిసారి చూసింది. "కూర్చోండి," అంది ఖాళీ బల్ల చూపిస్తూ. "ఏ సాహెబ్?"

సరోజ వేలిముద్ర వేయలేదు, సంతకం పెట్టింది. గుండ్రంగా, నిదానంగా. తర్వాత వంటగదిలోకి పోయి పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. పిల్లలు పళ్లేలు పట్టుకుని వాకిట్లో నిలబడి, ఆడవాళ్ల ఏడుపు వింటూ బిత్తరపోయి చూస్తున్నారు. రంగమ్మ కళ్లు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది.

"నువ్వేందక్కా, ఒక్క చుక్క ఏడుస్తలేవు?"

సరోజ గరిటె ఆమె చేతికిచ్చింది. "పిల్లలకు నువ్వు పెట్టు రంగమ్మా. మా ఇంట్ల సావైంది, నేను అన్నం ముట్టొద్దు," అని, గేటు దగ్గర మానస చేతుల్లోంచి చిన్నదాన్ని తీసుకుని ఇంటి దారి పట్టింది.